పాత కంప్యూటర్లలో లినక్స్ డెస్క్‌టాప్: తేలిగ్గా ఉండాలి, అందంగా ఉండాలి, తెలుగు తెగకుండా కనపడాలి

పెన్నగట్టు | శనివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. జమ్మలమడుగు దగ్గర ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. మా బడిలో ఆరు పాత కంప్యూటర్లు మూలన పడి ఉంటే వేసవి సెలవుల్లో దుమ్ము దులిపి డెబియన్ 12 అనే లినక్స్ వేశాను. డెస్క్‌టాప్ ఎక్స్‌ఎఫ్‌సీఈ 4.18. ఆరూ ఒకే రకం: కోర్ 2 డుయో ఈ7500 ప్రాసెసర్, జీ41 బోర్డు, 2 జీబీ ర్యామ్, 160 జీబీ హార్డ్ డిస్క్. నాలుగింటికి 18.5 అంగుళాల వెడల్పు మానిటర్లు, రెండింటికి 17 అంగుళాల చదరపువి.

వేసిన రోజు బాగానే నడిచాయి. బడి తెరిచాక ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె స్క్రీన్ చూసి, "సార్, మనకు పాతవే ఇచ్చినారా?" అంది. ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. రెండు రోజులు వీడియోలు చూసి ఒక సిస్టమ్‌ను ముస్తాబు చేశాను. కింద ప్లాంక్ డాక్, పైన అద్దంలాంటి ప్యానెల్, విండోల వెనక బ్లర్ కోసం పికామ్, కుడి పక్కన కాంకీ గడియారం, పాపిరస్ ఐకాన్లు, నేను ఫోన్లో తీసిన గండికోట ఫొటోలు నిమిషానికొకటి మారేలా వాల్‌పేపర్. చూడటానికి కొత్త లాప్‌టాప్‌లాగే ఉంది.

ఇప్పుడు విండోను పట్టుకుని లాగితే ముక్కలు ముక్కలుగా వస్తోంది. లాగిన్ కాగానే 560 ఎంబీ ఉన్న ర్యామ్ వాడకం 900 దాటింది. బ్రౌజర్ తెరిస్తే హార్డ్ డిస్క్ లైటు ఆరడం లేదు.

ఇంకో సమస్య దీనికంటే పెద్దది. భాష తెలుగు పెట్టాను. టైటిల్ బార్లో, ప్యానెల్లో ఒత్తులు తెగిపోతున్నాయి. నేను "చెట్టు భాగాలు" అని ఫైలు పెడితే పైన "చెటు భాగాలు" అని కనపడుతోంది. పిల్లలు అలాగే చదివారు. మిగిలిన ఐదింటి జోలికి ఇంకా పోలేదు. దారి చెప్పండి.

సీమ_టెర్మినల్ | శనివారం, రాత్రి 9:32

సార్, ముందు పికామ్ తీసేయండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

బురుజు518 | శనివారం, రాత్రి 10:15

కర్నూలు నుంచి సార్. తమ్ముడు చెప్పింది నిజమే, కానీ ఎందుకో తెలిస్తే రేపు ఇంకో వీడియో చూసినప్పుడు మీరే తేల్చుకోగలరు.

బ్లర్ అంటే విండో వెనక ఏముందో చూసి, దాన్ని మసకబార్చి, మళ్లీ గీయడం. విండో జరిగిన ప్రతిసారీ ఆ పని మొదటి నుంచి చేయాలి. మీ జీ41 బోర్డులో ఉన్నది ఇంటెల్ జీఎంఏ ఎక్స్4500. దానికి సొంత మెమరీ లేదు, మీ 2 జీబీలోంచే వాడుకుంటుంది. అంటే ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండూ ఒకే కుళాయి దగ్గర బిందెలు పట్టుకుని నిలబడ్డట్టు. అందుకే ముక్కలు ముక్కలుగా వస్తోంది.

ఎక్స్‌ఎఫ్‌సీఈలో విండో మేనేజర్‌కు (విండోల చట్రాలు, టైటిల్ బార్లు చూసుకునేది) సొంత కంపోజిటర్ (విండోలు, నీడలు అన్నీ కలిపి స్క్రీన్ మీద గీసేది) ఉంది. పికామ్ కోసం దాన్ని మీరు ఆపి ఉంటారు, ఎందుకంటే రెండూ ఒకేసారి నడవవు. పికామ్ తీసేసి, సెట్టింగ్స్‌లో విండో మేనేజర్ ట్వీక్స్ తెరిచి, కంపోజిటర్ ట్యాబ్‌లో దాన్ని తిరిగి ఆన్ చేయండి. నీడలకు సంబంధించిన టిక్కులన్నీ తీసేయండి. పారదర్శకత జరుపుడు పట్టీలన్నీ చివరి దాకా జరిపి పూర్తి మందంలో పెట్టండి. కంపోజిటర్‌ను పూర్తిగా ఆపేస్తే ఇంకాస్త తేలిక అవుతుంది, కానీ వీడియో పెట్టినప్పుడు బొమ్మ మధ్యలో అడ్డంగా చీలినట్టు కనపడొచ్చు. మీరు పిల్లలకు వీడియోలు చూపిస్తారు కాబట్టి ఉంచడమే మేలు.

ప్లాంక్ కూడా అక్కర్లేదు. కంపోజిటర్ లేకపోతే దాని చుట్టూ నల్ల పట్టీ వస్తుంది, పైగా అదొక ప్రోగ్రాం అదనంగా నడుస్తూ ఉంటుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈ ప్యానెల్‌నే ఇంకొకటి కలపండి. దాన్ని కింద మధ్యలో పెట్టి, అడ్డ వరుస సైజు 48 ఇచ్చి, నాలుగు లాంచర్లు వేయండి. డాక్‌లాగే ఉంటుంది. ఐకాన్ మీదికి మౌస్ పోతే ఉబ్బదు, అంతే తేడా.

తాడిపత్రి_సర్వీస్ | ఆదివారం, ఉదయం 7:05

సార్, నేను తాడిపత్రిలో కంప్యూటర్ సర్వీస్ చేస్తా. థీములు, ఐకాన్లు తర్వాత. ముందు సీపీయూ డబ్బా విప్పండి. మన ఎండలకు, మన దుమ్ముకు హీట్‌సింక్ కింద పేస్టు ఎండి పొడి అయిపోయి ఉంటుంది. ప్రాసెసర్ వేడెక్కితే తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. మీరు ఏ థీము తీసినా, ఏది పెట్టినా స్లోగానే ఉంటుంది. పాత పేస్టు తుడిచి కొత్తది బఠాణీ గింజంత పెడితే చాలు.

రెండోది, ఒక్కో దాంట్లో ఇంకో 2 జీబీ డీడీఆర్3 ర్యామ్ స్టిక్ వేయండి. మూడోది, హార్డ్ డిస్క్ బదులు వేగంగా ఉండే ఒక చిన్న ఎస్ఎస్‌డీ. ఈ మూడూ అయ్యాక అందం సంగతి చూడొచ్చు.

పెన్నగట్టు | ఆదివారం, ఉదయం 8:40

అన్నా, పేస్టు పని ఈ వారమే చేస్తాను. ర్యామ్, ఎస్ఎస్‌డీ ఆరింటికీ కొనాలంటే డబ్బు అడగాలి. అడిగి చూశాను. "పాతవాటికి ఖర్చెందుకు" అన్నారు. అందుకే ఉన్నదాంట్లో ఎంత వస్తుందో చూస్తున్నా.

అందం తర్వాత చూద్దాం అంటే మాత్రం నాకు మనసు ఒప్పడం లేదు. ఇళ్లలో కంప్యూటర్ లేని పిల్లలు. వాళ్లు మొదటిసారి ముట్టుకునే కంప్యూటర్ ఇదే. అది బాగుండాలి.

తాడిపత్రి_సర్వీస్ | ఆదివారం, ఉదయం 8:52

సరే సార్, అర్థమైంది. మదర్‌బోర్డు మీద గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ ఉంటుంది, దాన్ని కూడా మార్చండి. అది పోతే తేదీ వెనక్కి పోతుంది. తేదీ తప్పైతే బ్రౌజర్లో ఏ సైటూ తెరుచుకోదు, సెక్యూరిటీ లోపం అని చూపిస్తుంది. చాలామంది దాన్ని వైరస్ అనుకుని మా దగ్గరికి తెస్తారు.

డీటీపీ_కడప | ఆదివారం, మధ్యాహ్నం 12:20

నేను కడపలో 20 ఏళ్లకు పైగా డీటీపీ చేస్తున్నాను. పెళ్లికార్డులు, కరపత్రాలు, పుస్తకాలు. బ్లర్ గురించి నాకు తెలియదు, అక్షరాల గురించి మాత్రం చెప్పగలను. సార్ రాసిన "చెటు" దగ్గరే నా ప్రాణం చివుక్కుమంది.

ఇంగ్లీషు అక్షరానికి ఒక అంతస్తు చాలు, తోకలు ఉంటే ఇంకొంచెం. తెలుగుకు మూడు అంతస్తులు కావాలి. పైన తలకట్టు, గుడి, ఏత్వం. మధ్యలో అక్షరం. కింద ఒత్తు. "స్త్రీ" తీసుకోండి. పైన గుడి దీర్ఘం, మధ్యలో స, కింద త ఒత్తు, దాన్ని చుట్టుకుని ర ఒత్తు. ఇప్పుడు లెక్క వేయండి. ఫాంట్ సైజు 10 అని పెడితే, 96 డీపీఐ (అంగుళానికి 96 చుక్కలు) దగ్గర అది 13 పిక్సెళ్లు. మూడు అంతస్తులూ ఆ 13 చుక్కల్లో ఇమడాలి. ఇమడక కలిసిపోతాయి, లేదా తెగిపోతాయి. 12 పెట్టండి, 16 పిక్సెళ్లు వస్తాయి. ఆ మూడు చుక్కల తేడాతో ఒత్తుకూ అక్షరానికీ మధ్య కాస్త తెల్లటి చోటు దొరుకుతుంది. కన్ను ఆ చోటును బట్టే చదువుతుంది.

రూపం సెట్టింగ్స్‌లో ఫాంట్ల ట్యాబ్ ఉంది కదా. అక్కడ హింటింగ్ అని ఒకటి ఉంటుంది. దాన్ని "స్లైట్" లో పెట్టండి. "ఫుల్" పెడితే గీతల్ని బలవంతంగా పిక్సెల్ గళ్లలోకి నెడుతుంది. ఇంగ్లీషులో నిలువు గీతలకు అది పనికొస్తుంది, మన గుండ్రటి అక్షరాలు మాత్రం సొట్టలు పడతాయి. "ల", "అ" పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

బురుజు518 | ఆదివారం, మధ్యాహ్నం 1:05

అక్కా, చాలా బాగా చెప్పారు. సార్, ఆ ట్యాబ్‌లోనే సబ్‌పిక్సెల్ క్రమం (ఒక్కో చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఉండే వరుస) ఆర్‌జీబీ పెట్టండి, అంచులు ఇంకా నునుపుగా వస్తాయి. అక్షరాల చుట్టూ రంగు రంగుల అంచు కనపడితే మాత్రం తీసేయండి.

టైటిల్ బార్లో ఎందుకు తెగుతోందంటే, ఎక్స్‌ఎఫ్‌సీఈ విండో థీములలో ఆ పట్టీ ఒక చిన్న బొమ్మ. దాని ఎత్తు ఎంతో పట్టీ ఎత్తు అంతే. ఫాంట్ పెంచితే పట్టీ పెరగదు. కాబట్టి థీమే మార్చాలి. విండో మేనేజర్ సెట్టింగ్స్‌లో "డిఫాల్ట్-హెచ్‌డీపీఐ" అని ఒకటి ఉంటుంది. పెద్ద స్క్రీన్ల కోసం చేసింది, మన ఒత్తులకు కూడా సరిపోతుంది. మూసే బటన్ కూడా పెద్దదవుతుంది, చిన్నపిల్లలకు అది మంచిదే.

ప్యానెల్‌కు ఆ ఇబ్బంది లేదు. వరుస సైజు 26 ఉంటే 34 చేయండి.

పుష్పగిరి | ఆదివారం, సాయంత్రం 4:30

నాకు 68 ఏళ్లు. బ్యాంకులో పనిచేసి రిటైర్ అయ్యాను. నా దగ్గర 2009లో కొన్న లాప్‌టాప్ ఉంది. మనవడు ఎక్స్‌ఎఫ్‌సీఈ వేసి ఇచ్చాడు, ఇప్పటికీ రోజూ వాడుతున్నాను. కంటి ఆపరేషన్ అయ్యాక నాకు ఎదురైనవి రెండు చెబుతాను.

మొదటిది మౌస్ బాణం. మామూలు సైజు 24. వాల్‌పేపర్ మీద ఎక్కడ పోయిందో వెతుక్కోవాల్సి వచ్చేది. మౌస్ సెట్టింగ్స్‌లో థీమ్ ట్యాబ్‌లో 40 పెట్టుకున్నాను, కనపడుతోంది. రెండోది విండో అంచు. చాలా థీములలో అంచు దారమంత ఉంటుంది. దాన్ని పట్టుకుని విండో పెద్దది చేయడం నా చేతికి అసాధ్యం. తర్వాత తెలిసింది, ఆల్ట్ నొక్కి పట్టుకుని విండోలో ఎక్కడైనా మౌస్ కుడి బటన్‌తో లాగితే సైజు మారుతుంది. ఎడమ బటన్‌తో లాగితే విండో జరుగుతుంది. ఇది తెలిశాక అంచు సంగతే మరిచిపోయాను.

పిల్లలకు కూడా ఇది చెప్పండి మాస్టారూ.

సీమ_టెర్మినల్ | ఆదివారం, రాత్రి 8:15

అనంతపురంలో ఇంజినీరింగ్ చదువుతున్నా. నా మాట కొంచెం వేరుగా ఉంటుంది. 2 జీబీలో ఎక్స్‌ఎఫ్‌సీఈ కూడా బరువే అంటాను. మా ఇంట్లో ఆటమ్ ఎన్270 నెట్‌బుక్ ఉంది. 1 జీబీ ర్యామ్, 32 బిట్ మాత్రమే. డెబియన్ 13లో 32 బిట్‌కు ఇన్‌స్టాలర్ తీసేశారు కదా, అందుకని యాంటిఎక్స్ 23 అనే తేలిక లినక్స్ వేశాను. అందులో ఐస్‌డబ్ల్యూఎం వస్తుంది. 1997 నుంచి ఉన్న విండో మేనేజర్ అది, ఇప్పటికీ మారుస్తూనే ఉన్నారు. థీము అంటే ఒక ఫోల్డరు, అందులో కొన్ని చిన్న బొమ్మలు, ఒక టెక్స్ట్ ఫైలు. టైటిల్ బార్ ఎత్తు ఆ ఫైల్లో ఒక అంకె. నాకు ఒత్తు తెగితే 20ని 28 చేస్తా, సేవ్ చేస్తా, అయిపోయింది. రంగులు కూడా అంతే, పేర్లూ అంకెలూ. నేను థీమ్ చేయడం దాంతోనే నేర్చుకున్నా.

సార్, ఒక్కదాంట్లోనైనా వేసి చూడండి.

బురుజు518 | ఆదివారం, రాత్రి 8:50

తమ్ముడూ, నెట్‌బుక్‌కు అది సరైనది, నేనూ ఒప్పుకుంటా. కానీ బడిలో ఆరు సిస్టములు ఉంటాయి, సార్ ఒక్కరే చూసుకోవాలి. ఫాంట్, మౌస్, ప్రింటర్, వాల్యూమ్ అన్నీ ఒకే సెట్టింగ్స్ విండోలో దొరకడం వాళ్లకు ముఖ్యం. సార్ సెలవు పెట్టిన రోజు ఇంకో మాస్టారు వచ్చి టెక్స్ట్ ఫైలు తెరవరు.

సీమ_టెర్మినల్ | ఆదివారం, రాత్రి 9:02

అది నిజం అన్నా. నేను ఆ కోణంలో ఆలోచించలేదు. అయితే పదో తరగతిలో ఇష్టమున్న పిల్లలకు ఐస్‌డబ్ల్యూఎం చూపించండి సార్. లాగిన్ స్క్రీన్లో సెషన్ మార్చుకుంటే చాలు, ఎక్స్‌ఎఫ్‌సీఈ అలాగే ఉంటుంది. టెక్స్ట్ ఫైల్లో అంకె మారిస్తే స్క్రీన్ మారడం చూస్తే వాళ్లకు కంప్యూటర్ అంటే భయం పోతుంది. నాకు పోయింది అలాగే.

పెన్నగట్టు | సోమవారం, రాత్రి 10:20

చేసినవి చెబుతున్నాను. పికామ్ పోయింది, ప్లాంక్ పోయింది. రెండో ప్యానెల్ కింద పెట్టాను. ఫాంట్ 12, హింటింగ్ స్లైట్, విండో థీమ్ హెచ్‌డీపీఐది. విండో ఇప్పుడు చేతి వెంట వస్తోంది. "చెట్టు" నిండుగా కనపడుతోంది. ట కింద ట ఒత్తు స్పష్టంగా ఉంది. ఒక ఫొటో తీసుకున్నాను కూడా.

కానీ నిమిషానికోసారి ఒక్క సెకను అంతా బిగుసుకుపోతోంది. ఇది కాంకీయేనా?

ఇంకో విచిత్రం. అదే ఫాంట్, అదే సైజు చదరపు మానిటర్ మీద చిన్నగా కనపడుతోంది.

బురుజు518 | సోమవారం, రాత్రి 10:55

నిమిషానికోసారి అంటే వాల్‌పేపర్ సార్. ఫోన్ ఫొటో 4000 అడ్డం, 3000 నిలువు ఉంటుంది. ఫైలు 4 ఎంబీ అనిపిస్తుంది కానీ తెరిచినప్పుడు పిక్సెల్‌కు 3 బైట్లు చొప్పున 36 ఎంబీ అవుతుంది. దాన్ని విప్పి, మీ 1366×768 స్క్రీనుకు కుదించి, అప్పుడు పెడుతుంది. నిమిషానికోసారి ఇదే పని. మీ స్క్రీనుకు కావాల్సింది 3 ఎంబీ పైచిలుకే. జింప్‌లో (ఫొటోలు దిద్దే ప్రోగ్రాం) ఫొటోను సరిగ్గా 1366×768కి కుదించి సేవ్ చేసి పెట్టండి. మారడం ఆపేయండి, లేదా రోజుకొకటి పెట్టండి.

కాంకీ కూడా చూడండి. దాని ఫైల్లో అప్‌డేట్ వ్యవధి 1 సెకను ఉంటుంది. పిల్లలకు సీపీయూ వేడి చూపించాల్సిన పని లేదు కదా, నేనైతే తీసేస్తా. గడియారం ప్యానెల్లోనే ఉంది. దాని ప్రాపర్టీస్‌లో సొంత ఫార్మాట్ ఎంచుకుని శాతం గుర్తు పక్కన ఇంగ్లీషు పెద్ద ఏ అక్షరం ఇస్తే వారం పేరు పూర్తిగా వస్తుంది. భాష తెలుగు కాబట్టి "సోమవారం" అని తెలుగులోనే చూపిస్తుంది.

మానిటర్ల సంగతి. వెడల్పుది 18.5 అంగుళాలు, 1366×768. మూల నుంచి మూలకు లెక్కేస్తే అంగుళానికి దాదాపు 85 పిక్సెళ్లు. చదరపుది 17 అంగుళాలు, 1280×1024. అంగుళానికి 96. అంటే చదరపుదాని చుక్కలు చిన్నవి, అవే 16 చుక్కలు కొంచెం చిన్న అక్షరంగా కనపడతాయి. ఆ రెండింటిలో ఫాంట్ ట్యాబ్‌లోనే డీపీఐ 96 బదులు 108 పెట్టండి. అన్నీ ఒకేసారి పెరుగుతాయి.

డీటీపీ_కడప | మంగళవారం, ఉదయం 6:50

ఏ ఫాంట్ పెట్టారో సార్ చెప్పలేదు. నోటో సాన్స్ తెలుగు అయితే మెనూలకు మంచిదే. ఎక్కువసేపు చదివే పాఠాలకు మాత్రం ఇంకో రెండు చూడండి. పోతన, వేమన. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు తయారుచేసి అందరికీ స్వేచ్ఛగా ఇచ్చినవి. పోతన పేరు వింటే మాకు ఒంటిమిట్ట గుర్తొస్తుంది, వేమన పేరు మీద కడపలో యూనివర్సిటీయే ఉంది, అందుకని కూడా నాకు ఆ రెండంటే అభిమానం. పోతనలో గీత సన్నం లావు మారుతుంది. అచ్చులో ఎంతో అందం, పాత స్క్రీన్ మీద సన్న గీతలు మాయమవుతాయి. వేమనలో గీత మందం అంతటా దాదాపు ఒకేలా ఉంటుంది. మీ మానిటర్లకు వేమన. ప్రింట్ తీసే ప్రశ్నపత్రానికి పోతన. మండలి ఫాంట్ కూడా చూడండి, చదవడానికి హాయిగా ఉంటుంది.

ఒక డెస్క్‌టాప్‌లో రెండు ఫాంట్లు మించకండి. పెళ్లికార్డులో ఐదు ఫాంట్లు వేయమని అడిగేవాళ్లకు కూడా నేను ఇదే చెబుతాను.

పెన్నగట్టు | మంగళవారం, రాత్రి 9:15

ఫొటో కుదించాను, కాంకీ తీసేశాను. బిగుసుకుపోవడం పోయింది. ప్యానెల్లో "మంగళవారం" చూసి ఆరో తరగతి పిల్లలు గట్టిగా చదివారు.

ఇప్పుడు రంగు ముచ్చట. సీనియర్ పిల్లలు నల్ల థీమ్ కావాలంటున్నారు, ఫోన్లలో అలాగే ఉంటుంది కాబట్టి. ఆర్క్ డార్క్ పెట్టాను. నాకు ముందు కూర్చుంటే బాగుంది, వాళ్లకు మాత్రం కనపడటం లేదట. కిటికీ వెలుగు వల్లనా?

బురుజు518 | మంగళవారం, రాత్రి 9:40

వెలుగు ఒక కారణం. ఇంకోటి మీ మానిటర్లు టీఎన్ రకం. ఎదురుగా చూస్తేనే సరైన రంగు. కింది నుంచి చూస్తే ముదురు రంగులు తారుమారు అవుతాయి, నలుపు మీద బూడిద రంగు అక్షరాలు కలిసిపోతాయి. ఒక్కో సిస్టమ్ ముందు ఎంతమంది కూర్చుంటారు?

పెన్నగట్టు | మంగళవారం, రాత్రి 9:48

ముగ్గురు. మధ్యలో ఒకరు కుర్చీలో, ఇద్దరు అటూ ఇటూ బల్ల మీద. చిన్న తరగతుల వాళ్లు కుర్చీ కంటే కిందికే ఉంటారు.

బురుజు518 | మంగళవారం, రాత్రి 9:55

అయితే తెల్ల థీమే సార్. గ్రేబర్డ్ పెట్టండి. ఎక్స్‌ఎఫ్‌సీఈ కోసమే చేసింది, తేలిక, అక్షరానికీ వెనక రంగుకూ తేడా బాగుంటుంది. మధ్యలో కూర్చున్న పిల్లాడి కోసం కాదు, పక్కన కూర్చున్న ఇద్దరి కోసం పెట్టండి.

పుష్పగిరి | బుధవారం, ఉదయం 5:40

నేనూ తెల్లదే వాడుతున్నాను. ఒక సంగతి, పాత మానిటర్లలో వెనక వెలుగిచ్చే ట్యూబు పాతబడి తెలుపు కాస్త పసుపు తిరుగుతుంది. మానిటర్ బటన్లలో రంగు ఉష్ణోగ్రత చల్లని వైపు జరిపితే కాగితంలా అవుతుంది. డబ్బు ఖర్చు లేని పని.

తాడిపత్రి_సర్వీస్ | బుధవారం, ఉదయం 9:10

పెద్దాయన చెప్పింది నిజం. నేను కస్టమర్లకు మొదట చేసి చూపించేది అదే.

సీమ_టెర్మినల్ | బుధవారం, సాయంత్రం 6:25

ఐకాన్ల గురించి ఎవరూ చెప్పలేదు. పాపిరస్ బాగుంటుంది కానీ అందులోవి ఎస్‌వీజీ బొమ్మలు. ఎస్‌వీజీ అంటే ఇలా గీయాలి అని రాసి ఉన్న సూచన, ప్రాసెసర్ చదివి గీయాలి. పీఎన్‌జీ గీసి పెట్టిన బొమ్మ. హార్డ్ డిస్క్ మీద మెనూ మొదటిసారి తెరిచినప్పుడు ఆ తేడా తెలుస్తుంది. టాంగో ఐకాన్లలో చిన్న సైజులకు పీఎన్‌జీలు ఉన్నాయి. పాతకాలం బొమ్మలే, కానీ రంగులు ముచ్చటగా ఉంటాయి.

ఇంకోటి, విండోస్ 95లా కనపడే చికాగో95 అనే థీమ్ కూడా ఉంది ఎక్స్‌ఎఫ్‌సీఈకి. నీడలు లేవు, వంపులు లేవు. చాలా తేలిక.

డీటీపీ_కడప | బుధవారం, రాత్రి 8:05

తమ్ముడూ, తేలికే కావచ్చు. "మనకు పాతవే ఇచ్చినారా" అని అడిగిన అమ్మాయి ముందు 1995 నాటి రూపం పెట్టొద్దు. ఆ పిల్లకు అది పాత జ్ఞాపకం కాదు, పాత సామానే.

సీమ_టెర్మినల్ | బుధవారం, రాత్రి 8:12

అక్కా, ఒప్పుకుంటున్నా. టాంగో కూడా వద్దనిపిస్తోంది ఇప్పుడు. పాపిరస్ ఉంచి, మెనూలో ఐకాన్ సైజు తగ్గించకుండా ఒకసారి వాడితే, రెండోసారి నుంచి బాగానే తెరుచుకుంటుంది సార్.

పెన్నగట్టు | గురువారం, రాత్రి 9:30

ఒక రోజు రెండూ పెట్టి పిల్లల్నే అడిగాను. పాపిరస్సే అన్నారు. మొదటిసారి మెనూ ఆలస్యంగా తెరుచుకున్నా పర్లేదన్నారు. అదే ఉంచాను. లాగిన్ అయ్యాక ర్యామ్ ఇప్పుడు 590. తొలిరోజు కంటే 30 ఎక్కువ, ఆ 30 ఎంబీ మా పిల్లలకు దక్కాల్సిందే.

వాల్‌పేపర్ పిల్లలే ఎంచుకున్నారు. గండికోటలో పెన్న లోయ, పొద్దుటి పూట. మొదట రాళ్లన్నీ నిండిన ఫొటో పెడితే డెస్క్‌టాప్ మీది ఐకాన్ల పేర్లు రాళ్లలో కలిసిపోయాయి. ఎడమ పక్క అంతా ఆకాశం ఉన్న ఫొటో వెతికి పెట్టాం. ఐకాన్లు ఆకాశంలో, కోట కుడి వైపు. పేర్లు చక్కగా కనపడుతున్నాయి.

ఇప్పుడు దీన్నే మిగతా ఐదింటికి ఎలా ఎక్కించాలి? ఒక్కోదాంట్లో మళ్లీ అన్నీ చేయాలా?

బురుజు518 | గురువారం, రాత్రి 10:10

అక్కర్లేదు సార్. హోమ్ ఫోల్డర్లో దాచి ఉంచిన ఫైళ్లు చూపించమంటే చుక్కతో మొదలయ్యే కాన్ఫిగ్ ఫోల్డరు కనపడుతుంది. అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ4 ఫోల్డరు మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. థీములు, ఐకాన్లు డౌన్‌లోడ్ చేసి వేసుంటే చుక్క థీమ్స్, చుక్క ఐకాన్స్ కూడా. వాల్‌పేపర్ ఫైలు అన్నింటిలో ఒకే చోట ఉండాలి.

ఒక జాగ్రత్త. పిల్లల అకౌంట్‌లో లాగిన్ అయి ఉండగా అతికించకండి. సెట్టింగులు చూసుకునే ప్రోగ్రాం పాతవాటిని జ్ఞాపకంలో పెట్టుకుని ఉంటుంది, మీరు పెట్టినవాటి మీద మళ్లీ పాతవే రాసేస్తుంది. ఆ అకౌంట్ లాగౌట్ చేసి, ఇంకో అడ్మిన్ అకౌంట్ నుంచి పెట్టండి. తర్వాత ఆ ఫైళ్ల యజమానిగా పిల్లల అకౌంట్ పేరు ఉండేలా మార్చండి, లేకపోతే వాళ్లు చేసే ఏ మార్పూ నిలవదు.

పిల్లలు ప్యానెల్‌ను లాగి పారేయకుండా ప్యానెల్ ప్రాపర్టీస్‌లో లాక్ టిక్కు ఉంది. మొత్తం సెట్టింగులకు తాళం వేసే పద్ధతి కూడా ఉంది. కావాలంటే చెబుతా.

పెన్నగట్టు | గురువారం, రాత్రి 10:25

ప్యానెల్ లాక్ చాలు. మిగతావి మార్చుకోనీ. చెడగొడితే పెన్‌డ్రైవ్ ఉంది కదా. సరిచేయడం కూడా వాళ్లతోనే చేయిస్తాను.

పెన్నగట్టు | శనివారం, సాయంత్రం 5:45

ఐదింటికీ ఎక్కించాను. మూడింటిలో అన్నీ సరిగ్గా వచ్చాయి. చదరపు మానిటర్లు రెండింటిలో ఫాంటు, థీమ్, ప్యానెల్ అన్నీ వచ్చాయి, వాల్‌పేపర్ మాత్రం రాలేదు. డెబియన్ వాళ్ల మామూలు బొమ్మే ఉంది. ఫైలు దాని చోట దానిదే ఉంది, చూశాను.

బురుజు518 | శనివారం, సాయంత్రం 6:20

ఆ రెండూ వేరే కేబుల్‌తో కలిపారా సార్?

పెన్నగట్టు | శనివారం, సాయంత్రం 6:24

అవును. అవి డీవీఐ. మిగతావి వీజీఏ.

బురుజు518 | శనివారం, సాయంత్రం 6:31

దొరికింది. ఎక్స్‌ఎఫ్‌సీఈ వాల్‌పేపర్‌ను మానిటర్ పేరుతో కలిపి గుర్తుపెట్టుకుంటుంది. మీ పెన్‌డ్రైవ్ ఫైల్లో "మానిటర్ వీజీఏ-1కు ఈ ఫొటో" అని రాసి ఉంది. డీవీఐకి ఏం పెట్టాలో అందులో లేదు, అందుకే మామూలుది పెట్టింది. ఆ రెండింటిలో డెస్క్‌టాప్ మీద కుడి క్లిక్ చేసి ఒకసారి చేత్తో పెట్టేయండి. వాటికి వెడల్పు ఫొటో సరిపోదు, 1280×1024కి కత్తిరించింది వేరేగా చేయండి.

పెన్నగట్టు | శనివారం, రాత్రి 8:50

వచ్చింది. ఆరింటిలోనూ గండికోటే. చదరపువాటికి ఫొటో కత్తిరించడం తొమ్మిదో తరగతి అబ్బాయి చేశాడు, జింప్‌లో, నేను పక్కన నిలబడ్డానంతే. మొదట ఆకాశం కోసేశాడు. ఐకాన్ల పేర్లు కనపడటం లేదని తనే గమనించి మళ్లీ చేశాడు.

ఆ ఎనిమిదో తరగతి అమ్మాయి మౌస్ బాణం పెద్దది చేసుకుంది. 48.

తాడిపత్రి_సర్వీస్ | శనివారం, రాత్రి 9:15

సార్, నా దగ్గర పాత బోర్డుల నుంచి తీసిన 2 జీబీ డీడీఆర్3 స్టిక్కులు మూడు ఉన్నాయి, టెస్ట్ చేసినవే. డబ్బులు వద్దు. సోమవారం పొద్దున జమ్మలమడుగు బస్సులో పార్శిల్ వేస్తా. పెట్టే ముందు స్టిక్కు బంగారు కాళ్లను రబ్బరుతో ఒకసారి రుద్దండి. కరెంటు ప్లగ్ తీసేసే పెట్టండి.